కొస దాకా గాలి

రోహిణి కార్తె

ఇవాళ ఉత్తుత్తి ముసురు పట్టాం. అంటే బయట నిప్పులు కురుస్తున్నా సరే, తుఫాను వచ్చేసిందనుకుని సొరంగం మూతికి ఇనప తలుపు దించేసి, కొండమీది సౌర పలకల తీగ ఊడబీకి, ఒట్టి బ్యాటరీల మీద గాలి ఫ్యాను నడిపి చూడటం. ఏటా రోహిణిలో చేస్తాం. అసలు ముసురు చిత్త, స్వాతి కార్తెల్లో వస్తుంది. అప్పుడు మూడు రోజులు తలుపు ఎత్తలేం, ఎత్తితే కొండవాగు లోపలికి దిగుతుంది. ఆ మూడు రోజులూ ఇంతమందికీ ఊపిరి పోసేది ఈ ఒక్క ఫ్యానే.

మొదటి రోజు మధ్యాహ్నం కంచాల ముందు కూర్చునే వేళకే ఫ్యాను నీరసించింది.

ఫ్యాను కాపలా నాది. మీటరు చూడక్కర్లేదు నాకు, చప్పుడు చాలు. బాగున్నప్పుడు అది తిరగలి తిప్పుతున్నట్టు నిదానంగా, ఒకే తీరుగా ఉంటుంది. ఇవాళ మెట్లెక్కుతున్న ముసలాడిలా ప్రతి చుట్టుకీ ఆగి ఆగి తిరిగింది. దీపం ఒత్తి ఎర్రబడింది. పిల్లలు ఇదేదో ఆట అనుకుని నవ్వుతున్నారు. పెద్దలు మాత్రం చేతిలో ముద్ద అలాగే పట్టుకుని నా వైపు చూశారు. మా పెద్ద బంగారునాయుడు తలుపు ఎత్తించేశాడు. పప్పులో ఉప్పు ఎక్కువైందని కూడా ఎవరూ అనలేదు, అది మరీ అపశకునం.

ఈ పుస్తకంలో ఎన్ని బ్యాటరీలు, ఎంతసేపు నిలిచాయి, అంతే రాయమని నాయుడి ఆజ్ఞ. అంకెలు పక్కన గీతల్లో వేశాను. మిగతా కాగితం ఖాళీగా ఉంటే నాకు చేతులు దురద పెడతాయి.

మృగశిర

వర్షం పేరుకి పడింది. బయటి వేడి కాస్త తగ్గి, పొద్దున్నా సాయంత్రం కొండమీద తిరగగలుగుతున్నాం.

వారమంతా నేరం ఎవరిదన్న పంచాయితీ. ముందు బెల్లం మీద పడ్డారు.

బ్యాటరీలోకి వెళ్ళే నల్లమన్ను మేమే వండుకుంటాం. ఒకప్పుడు ఇది మాంగనీసు గని, ఆ ముడిరాయికి కొదవలేదు. దాన్ని కాల్చి, పొటాషులో ఉడికించి తీసిన గులాబీ రంగు నీళ్ళలో బెల్లం పానకం పోస్తే రంగు విరిగి గోధుమ రంగు బురద అవుతుంది. మూత బిగించే ఉక్కు కుండలో దాన్ని పోసి, నిప్పుల్లో పాతిపెట్టి, ఒక పగలంతా మగ్గనివ్వాలి. కుండ చల్లారాక అడుగున నల్లటి ముద్ద ఉంటుంది. వేళ్ళ మధ్య నలిపితే కాటుకలా జారుతుంది. నిజానికి అది కాటుక కాదు, సూదుల కట్ట. తలవెంట్రుకని నిలువునా వెయ్యి చీలికలు చేస్తే అందులో ఒక్క చీలికంత సూదులు. గింజ ఎంత సన్నమైతే బ్యాటరీ అంత చురుకు. ఆ ముద్దని ఎండబెట్టి, దీపం మసీ జిగురూ కలిపి రేకుమీద అప్పడంలా ఒత్తి, ఎదురుగా పాత బండ్ల బ్యాటరీలు చీల్చి తీసిన లిథియం రేకు పెడతాం. అదీ మా వంట.

ఒక్కటి మరిచాను. కుండ మూత పెట్టేముందు పాత వాయి నుంచి చిటికెడు నల్లమన్ను తీసి కొత్తదాంట్లో వేయాలి. పాలలో చేమిరి వేసినట్టు. దాన్ని మేమూ చేమిరి అనే అంటాం. అది పడితే కొత్త వాయి పాతదాని పోలికే పడుతుంది. ఎవరు కనిపెట్టారో తెలియదు. పెరుగు తోడెయ్యడం తెలిసినవాళ్ళకి ఇది తట్టకపోతే ఆశ్చర్యం.

బెల్లం మార్చారు, వాయి అలాగే వచ్చింది. నీళ్ళు మార్చారు. బొగ్గు మార్చారు. వంటకి పెద్ద చినతల్లి, నా వరసకి కోడలు, ముప్పయ్యేళ్ళు దాటిన మనిషి, పని తప్ప మాట తెలియనిది. ఆమె పూటంతా కూర్చుని కుండలు బూడిదతో తోమింది. కొత్త బ్యాటరీలు ముందటివాటికన్నా బలహీనంగా వచ్చాయి. ఆ సాయంత్రం ఆమె నా పక్కన కూర్చుని తన చేతులు తిరగేసి చూసుకుంది, అవి ఎవరివో అన్నట్టు.

నా పేరు తవుడు. నాకు ముందు పుట్టిన మగపిల్లలు దక్కకపోతే, నన్ను పొరుగింటావిడకి చేటెడు తవుడికి అమ్మి తిరిగి కొనుక్కున్నారట, చావు నన్ను లెక్కలోకి తీసుకోకుండా. అంత చవగ్గా బతికినవాణ్ణి ఇంత కాలం ఉంటానని ఎవరూ అనుకోలేదు. మూడు ఊళ్ళు మారాను. మొదటిది సముద్రం తీసుకుంది, రెండోది ఎండ తీసుకుంది, మూడోదాన్ని ఎవరూ తీసుకోలేదు, నీళ్ళే లేక మేమే వదిలేశాం. ఇది నాలుగోది. ఇంకో మూట కట్టే ఓపిక నా నడుముకి లేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, తీరంలో ఉన్న సర్కారువాళ్ళ నుంచి కబురొచ్చింది. ఫ్యాను మూడు రోజులు నడవదని తేలితే స్వాతికి ముందే అందరినీ తీరపు షెడ్లలోకి తరలిస్తారట. ఆ షెడ్లు చూసొచ్చినవాళ్ళు ఉన్నారు. అడిగితే వేరే మాట ఎత్తుతారు.

ఆరుద్ర

నసీమా వచ్చింది. తీరం పరీక్షశాల అమ్మాయి. ఎండతో నడిచే బండి మీద, ఒళ్ళో ఒక పెట్టె పెట్టుకుని. పెట్టెలోకి చిటికెడు పొడి వేస్తే అది లోపలి కట్టుబడి చెబుతుందట. పొడి వేసి, టీ తాగి, మళ్ళీ చూసి, టీ గ్లాసు కింద పెట్టేసింది.

తర్వాత పలక అడిగి గీసి చూపించింది. సూది ఒట్టి సూది కాదు, దాని పొడుగునా సందులుంటాయి, మన సొరంగాల్లా. లిథియం ఆ సందుల్లోకి దూరి, బయటికొచ్చి, మళ్ళీ దూరి, అలా తిరగడమే బ్యాటరీ పని. మేము వండాల్సింది వెడల్పు సందుల సూది. ఇప్పుడు వండుతున్నది ఇరుకు సందుల సూది, లావుపాటిది. అందులోకి మూటతో దూరినవాడు మధ్యలో ఇరుక్కుంటాడు, వెనకవాడికీ దారి ఉండదు. బయటికి రెండూ ఒకటే నలుపు, తూకమూ ఒకటే. అందుకే మా కంటికి అందలేదు.

"తాతగారూ, ఈ రెండో రకం మీ దగ్గరికి ఎలా వచ్చింది?" అని అడిగింది.

అక్కడున్నవాళ్ళందరం నేలచూపులు చూశాం.

కిందటి మాఘంలో మేము రాజీపడ్డాం. మా పై సొరంగంవాళ్ళది గాలి పని, కింద సొరంగంవాళ్ళది నీళ్ళ పని. వాళ్ళూ నల్లమన్నే వండేవారు, కానీ నీళ్ళ వడపోతకి. దానికి లావు సూదైనా పర్వాలేదు. నీళ్ళ వాటా దగ్గర మొదలైన తగాదా పెరిగి పెరిగి, ఒకరోజు వాళ్ళు తమ ఇలాకాలోంచి మా వైపు పోయే గాలి గొట్టం కోసేశారు. ఆ గొట్టం చివర, మా సొరంగం కొసలో, మా బావ గురువులు రాయి కొడుతున్నాడు. మా అప్ప, అంటే అక్క, సన్యాసమ్మ మొగుడు. గాలి ఆగిందని అతనికి తెలిసేసరికి నడిచి రాగలిగే దూరం కాదు. అక్కడ మనిషి ఉన్నాడని తెలియదన్నారు వాళ్ళు. తెలియకపోవచ్చు.

రెండేళ్ళు మాటల్లేవు. తర్వాత రెండు వైపులా అలసిపోయాం, రాజీ అంటే చాలావరకు అదే. ఇరువైపులవాళ్ళం ఒకే పంక్తిలో పొత్తుకూడు తిన్నాం. తిని, ఇక మనం ఒకటేనని చెప్పుకోవడానికి ఇరువైపుల చేమిర్లూ ఒకే కుండలో కలిపి, అందులోంచి అందరం పంచుకున్నాం. ఆ రోజు చాలామంది ఏడ్చారు. నేను కూడా.

నసీమా ఇదంతా విని పలక మళ్ళీ దగ్గరికి లాక్కుంది. ఇరుకు సందులదే గట్టి కట్టుబడి అట. రెండూ ఒక కుండలో పడితే అది రెండోదాన్ని తినేస్తుంది, వాయి వాయికీ కొంచెం కొంచెం. సరే, చేమిరి లేకుండా వండుదామన్నాడు నాయుడు. వండారు. అదీ ఇరుకే వచ్చింది. కొత్త కుండ తెప్పించారు. ఇరుకే. దాని ధూళి గోడల మీద, చీరకొంగుల్లో, గోళ్ళ సందుల్లో, ఊపిరిలో అంతటా ఉంది. కంటికి కనపడని ఒక్క తునక చాలట.

"ఈ సొరంగంలో పాతది ఇక పుట్టదండీ. మా పరీక్షశాలలోనూ పుట్టదు, మీ పొడులు వచ్చింది అక్కడికే కదా. ఆ రాజీ రోజు నుంచి దీన్ని ముట్టుకోని కుండ ఎక్కడైనా ఉంటే చెప్పండి."

ఉంది. మాలో ప్రతివాడికీ తెలుసు అది ఎక్కడుందో.

పుష్యమి

మా అప్ప పొత్తుకూటికి రాలేదు. ఆ పొద్దున్నే తన కుండా, తన చేమిరీ నెత్తిన పెట్టుకుని కొండెక్కి, కంపెనీ రోజుల్లో పేలుడు మందు దాచిన గదిలో కాపురం పెట్టింది. మందు గది కదా, మనుషులకి దూరంగా, మూరెడు మందం గోడలతో కట్టారు. పేరు సన్యాసమ్మ అని పెట్టినందుకు మా అమ్మ ఇప్పుడుంటే నవ్వేదో ఏడ్చేదో. అప్పటినుంచి కిందికి దిగలేదు, ఎవర్నీ పైకి రానివ్వలేదు. బియ్యం, పప్పు నేను హద్దురాయి దగ్గర పెట్టి వస్తాను. నేను వెనక్కి తిరిగాకే తీసుకుంటుంది. ఒకసారి ఆగి పలకరిస్తే రాయి విసిరింది. గురి తప్పించే విసిరింది, మా అప్పకి గురి బాగా ఉంది.

తన దీపం కోసం తన బ్యాటరీలు తనే వండుకుంటుంది. ఆ దీపం సాయంత్రాలు కింద నుంచి కనిపిస్తుంది, ఏ పూటా ఎర్రబడినట్టు నేను చూడలేదు.

ఆమె దగ్గరికి ఎవరు వెళ్ళాలన్నది నాలుగు రోజులు నలిగింది. నేను వెళ్ళాలన్నారు. నేను వెళ్ళి అడిగితే తమ్ముడు అడిగినట్టవుతుంది, అడగాల్సింది నేను కాదు అన్నాను. ఆ గొట్టం కోసిన రోజు కింద సొరంగానికి పెద్ద ఎవరో అందరికీ తెలుసు. రాజీ తర్వాత రెండు సొరంగాలకీ పెద్దగా పెట్టుకున్నదీ ఆయన్నే. బంగారునాయుడు లేచి తలగుడ్డ చుట్టుకుని, "తవుడు మావా, నువ్వు తోవ సూపించు సాలు" అన్నాడు.

ఆశ్లేష

మబ్బు పట్టిన పొద్దు చూసి ఎక్కాం. హద్దురాయి దగ్గరకొచ్చేసరికి నాయుడు రొప్పుతున్నాడు. పైన గుమ్మంలో మా అప్ప కర్ర పట్టుకుని కూర్చుని ఉంది. మునుపటికన్నా చిన్నదైపోయింది. కర్ర మీద చేతులు వణుకుతున్నాయి. ఈ నల్లమన్నుతో చిన్నప్పటినుంచి పనిచేసినవాళ్ళకి ముసలితనంలో వచ్చే వణుకు అది.

"ఎవుల్రా?"

"నానే అప్పా, తవుడిని. నాయుడు కూడా వొచ్చినాడు."

"ఆడికి నోరు నేదేటి?"

నాయుడు నోరు విప్పాడు. ఫ్యాను సంగతి, షెడ్ల సంగతి, సందుల సంగతి చెప్పాడు. మధ్యలో పిల్లల ప్రస్తావన తెచ్చాడు కానీ తనకే ఎబ్బెట్టుగా తోచిందేమో, దాన్ని సగంలో వదిలేశాడు. ఆమె అంతా విన్నది.

"పొత్తుకూటికి నాను రానేదని నన్నేటన్నావు నువ్వు?"

నాయుడు నన్ను చూశాడు. నేను కొండని చూశాను.

"మొండిముండ అన్నాను" అన్నాడు.

ఆమె నవ్వింది. బావ పోయాక ఆ నవ్వు వినడం ఇదే. "నిజవే సెప్పినావు. సరే ఇను. నా పాతకుండ సేమిరితో నాను వండుతాను. మీరు పైకి రావద్దు. పొడి నాను కిందికి దింపుతాను. మరొకటుంది. నువ్వు కోసిన గొట్టం కొస దాకా అతుకు. మనుసుల్ని పెట్టి కాదు, నీ సేతులతోటి."

ఆ కొస ఇప్పుడు ఖాళీ. బావ పోయాక గోనెపట్టాలు కట్టి వదిలేశాం. అంత దూరం గాలి తోస్తే ఫ్యాను మీద బరువు, ఉన్న బ్యాటరీలే చాలడం లేదు. ఈ లెక్క నాకు నోటికొచ్చు కాబట్టి నేనే అన్నాను, అక్కడెవులూ ఉండరు కదే అప్పా అని.

"ఉండినప్పుడు గాలి నేదు" అంది. "ఇప్పుడుండాల."

దిగేటప్పుడు నాయుడు సగం దారిలో ఆగి, కొసకి గొట్టం ఎన్ని బారలు పడుతుందని నన్నడిగాడు.

మఖ

గొట్టం అతికింది నాయుడే. పక్కన ఇద్దరు పడుచువాళ్ళు దీపాలు పట్టుకున్నారు, అంతే. కొసన పైకప్పు వంగి ఉంటుంది, పాకుతూ వెళ్ళాలి. ఆయన వయసు నాకన్నా ఎంతో తక్కువేం కాదు. రోజూ సాయంత్రం మోకాళ్ళు నల్లగా చేసుకుని బయటికొచ్చి, తనే కాళ్ళు కడుక్కునేవాడు. కోడళ్ళు నీళ్ళు తెచ్చిపోస్తే వద్దనేవాడు.

గొట్టం మూతికి ఒక గుడ్డపీలిక కట్టడం మా పద్ధతి. గాలి వస్తోందో లేదో దూరం నుంచే తెలుస్తుంది. మా అప్ప కొండమీంచి ఒక పీలిక రాయికి చుట్టి విసిరింది. ఎర్రగళ్ళ తుండుగుడ్డ ముక్క. ఎవరిదో నేను చెప్పలేదు, నాయుడు అడగలేదు. తీసుకెళ్ళి కట్టాడు.

తలుపు ఎత్తి ఉన్నప్పుడు, పలకల మీద ఎండ ఉన్నప్పుడు కూడా ఆ పీలిక కదలడం కష్టంగానే ఉంది. ఒక ఊపు ఊగి వేలాడుతుంది. ఇప్పటికింతే అని కబురు పంపాం. అంతే చాలంది.

పుబ్బ

వంట మొదలైంది, కొండమీద.

సరుకు పంపడమే ఒక తద్దినం. రాయి, పొటాషు, బెల్లం అన్నీ తీరం నుంచి కొత్త డబ్బాల్లో తెప్పించి, మూత తీయకుండా హద్దురాయి దాకా మోసి, అక్కడ వదిలి రావాలి. మొదటి రోజు ఒక డబ్బా ఎత్తి చూసి, మూతమీద నల్లటి వేలిముద్ర ఉందని దాన్ని కొండవాలులో దొర్లించేసింది. అది నా వేలే అనుకుంటాను. ఆ బెల్లానికి చీమలు పట్టిన వరస చూస్తే ఈ కొండమీద మనకన్నా సుఖంగా ఉన్నది అవే అనిపించింది.

ఒక వాయి ముగిసిన ప్రతిసారీ సీసా తాడుకి కట్టి దింపుతుంది. సీసా కిందికొచ్చాక భయం లేదని నసీమా చెప్పింది. సూది పుట్టేటప్పుడే ధూళి ప్రమాదం, పుట్టి పెరిగాక ఎవరు ముట్టుకున్నా దాని కట్టుబడి మారదు. కాబట్టి రేకుల మీద ఒత్తే పని కిందే, చినతల్లి చేతుల్లోనే జరుగుతోంది. మొదటి సీసా పెట్టెలో పెట్టి చూసి నసీమా పలక మీద వెడల్పు సందు గీసింది. చినతల్లి కొంగుతో మొహం తుడుచుకుని రేకులు తీసింది. అంతకుమించి పండగ చేసుకోలేదు.

ఎందుకంటే లెక్క నాకు కనబడుతోంది. మా అప్ప ఒక్కతే, ఆమెకున్నది ఒకే కుండ, ఆ చేతులు అలా. ఈ వారంలో రెండు వాయిలు ఒలికిపోయాయి. మూత మర బిగించలేక ఒకటి, నిప్పుల్లోంచి తీస్తూ ఒకటి. తాడు కొసని సీసా బదులు ఖాళీ ముడి దిగింది, రెండుసార్లు.

ఉత్తర

ఇలాగైతే స్వాతికి సగం బ్యాటరీలు కూడా రావు.

నసీమా చిటికెడు చేమిరి తీరానికి పట్టుకెళ్ళి, ఎవరూ వాడని గదిలో వండి చూసింది. ఇరుకు సందులే వచ్చాయి. తన జుట్టులోనే మోసుకుపోయానేమో అంది పాపం, ఆ అమ్మాయి తప్పేముంది. రెండో కుండ కొండమీదికి పంపుదామంటే దాన్ని ఎత్తి దించేవాళ్ళు కావాలి. అంటే ఒక మనిషి పైకి వెళ్ళాలి. వెళ్ళినవాడు మళ్ళీ కిందికి రాకూడదు, వచ్చి మళ్ళీ ఎక్కితే ధూళి కూడా ఎక్కుతుంది. ముసురు రోజుల్లోనూ అక్కడే ఉండాలి, ఆ మూరెడు గోడల మధ్య. ఈ బ్యాటరీలు రెండేళ్ళకి అరిగిపోతాయి, వంట ఆగేది కాదు. కాబట్టి ఒక్క కార్తె కోసం వెళ్ళడం కాదది.

పడుచువాళ్ళు లేచారు. వాళ్ళ పెళ్ళాలు వాళ్ళని చూసిన చూపు నేను చూశాను. చినతల్లి లేచింది. ఆమె పోతే కింద రేకులు ఒత్తేదెవరు, కూర్చోమన్నాం.

హద్దురాయి దగ్గర నాయుడు ఈ సంగతి చెబితే మా అప్ప కర్రతో నేల గీకుతూ చాలాసేపు ఆలోచించింది.

"పంపితే తవుడుగాణ్ణి పంపండి. ఒట్టి వాగుడుకాయ. కానీ ఆడు ఏనాడూ కుండలో సెయ్యెట్టినోడు కాదు, మసి తక్కువ."

నాయుడు ఆ మాట యథాతథంగా నాకు అప్పగించి, నువ్వు ఒప్పుకోనక్కర్లేదు మావా అన్నాడు. మూటకట్టే ఓపిక లేదని మృగశిరలో రాసుకున్నాను. చూస్తే ఈసారి మూటే అక్కర్లేదు. ఏదీ తీసుకెళ్ళకూడదు. ఇంత తేలికైన వలస నా జన్మలో దొరకలేదు.

హస్త

మొన్న పొద్దున్న మళ్ళీ ఉత్తుత్తి ముసురు పట్టాం. ఇంతవరకు వచ్చిన కొత్త బ్యాటరీలన్నీ కట్టి, తలుపు దించి, పలకల తీగ ఊడదీశాం. ఫ్యాను తిరగలి చప్పుడు చేసింది. మొదటి రోజు దాటింది. రెండో రోజు మధ్యాహ్నం కంచాల దగ్గరా అదే చప్పుడు. సాయంత్రానికి కొంచెం దిగింది, అప్పుడు తలుపు ఎత్తించాను. బ్యాటరీలు చెడలేదు, చాలలేదు. చాలకపోవడం నాకు భయం కాదు, దానికి ఇంకో కుండా, ఇంకో జత చేతులూ చాలు.

ఎత్తేముందు ఒక దీపం పట్టుకుని కొస దాకా పాకాను. మోకాళ్ళు ఇంకా తిట్టుకుంటున్నాయి. గళ్ళ పీలిక పూర్తిగా లేచి ఆడుతోంది. దీపం కాసేపు కింద పెట్టి అక్కడే కూర్చున్నాను. బావ చుట్ట కాల్చేవాడు, ఆ కంపు నాకు పడేది కాదు. అక్కడ ఇప్పుడు ఏ వాసనా లేదు, గాలి ఉంది.

ఇవాళ పొద్దున్న శుద్ధి మొదలైంది. నసీమా చెప్పిన వరస ప్రకారం గుండు, గడ్డం, కనుబొమలు కూడా. మంగలి పని నాయుడే చేశాడు, రెండుచోట్ల తెగింది. గోళ్ళు మొదలంటా తీశారు. తర్వాత చింతపండు పులుసు, ఇత్తడి బిందెని తోమినట్టు ఒళ్ళంతా తోమారు. చింతపండుకి నల్లమన్ను మరక నిలవదు. ముడతల్లోంచి ఇన్నేళ్ళ మసి కారుతుంటే నా అసలు రంగు నాకే కొత్తగా ఉంది. పిల్లలు చుట్టూ చేరి నవ్వారు. రేపటి నుంచి వారం రోజులు కొండ సగంలో, ఎవరూ ముట్టని గుడిసెలో ఉండి, అక్కడ మళ్ళీ స్నానాలు చేసి, కొత్త పంచె కట్టుకుని పైకి.

సాయంత్రం హద్దురాయి దాకా వెళ్ళి, సిద్ధమవుతున్నానని అరిచి చెప్పాను. గుమ్మంలోంచి జవాబొచ్చింది.

"సెవులు కడుక్కున్నావా?"

కడుక్కున్నానన్నాను.

"లోపల?"

తిరిగొచ్చి లోపల కూడా కడుక్కున్నాను.

ఈ పుస్తకం ప్రతి కాగితం మూలా నా బొటనవేలి ముద్రతో నల్లగా ఉంది. ఇది పైకి రాకూడదు. అందుకని ఫ్యాను కాపలాతో పాటు ఇది కూడా చినతల్లికి అప్పగిస్తున్నాను. కోడలా, నువ్వు మాటకారివి కావు, నీకు కష్టం కలగకుండా ఒక పద్ధతి చెబుతాను. ఫ్యాను చప్పుడు మారితే రాయి. మారకపోతే తేదీ వేసి వదిలెయ్యి, ఏమీ రాయక్కర్లేదు.

స్వాతి

చినతల్లి రాస్తున్నాను. నిన్నటిదాకా సీసాలు దిగాయి. రేకులు ఒత్తడం అయింది. ముసురు పట్టింది. తలుపు దించాం.

స్వాతి, రెండో రోజు

స్వాతి, మూడో రోజు

స్వాతి, నాలుగో రోజు

తలుపు ఎత్తాం. కొండ సగంలో ఉన్న గుడిసె లేదు. మందు గది దగ్గర పొగ లేస్తోంది, పొయ్యి వెలిగించినట్టున్నారు. వాన వెలిసి అంతా నిశ్శబ్దంగా ఉంది. తవుడు మావ గొంతు ఇక్కడి దాకా వినబడుతోంది. మధ్య మధ్య సన్యాసమ్మ పెద్దమ్మ నోర్ముయ్యమంటోంది. మావ ఆపడం లేదు.